ఒకటి విడిచి ఒకటి

గురువారం పొద్దున కొట్టు తలుపులు తీసి ఎంతోసేపు కాలేదు, చీపురు ఇంకా మేనకోడలి చేతిలోనే ఉంది, తపాలామ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ వీధికీ చుట్టుపక్కల పదకొండు వీధులకీ ఉత్తరాలు పంచే మనిషి. అసలు పేరు చొక్కాకి పెట్టుకున్న బిళ్ళ మీద రాసి ఉంటుంది గానీ దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. ఆర్నెల్ల కిందట సైకిల్ మీంచి పడి ఎడమ కాలు విరిగింది. అతుక్కుంది, కాకపోతే బొటనవేలి మందం పొట్టిదై అతుక్కుంది. అందుకే ఈ కొట్టుకి వచ్చింది. బజార్లో దొరికే జోళ్ళు పట్టని పాదాలకి జోళ్ళు కుట్టే కొట్టు ఇది.

కిందటి వారం ఇక్కడే కుట్టించుకున్న, రంగు కూడా మాయని కొత్త జోళ్ళని బల్ల మీద పెట్టి, "ఇవి నా వల్ల కాదమ్మా" అంది తపాలామ్మ. "నాలుగు వీధులు తిరిగేసరికి నడుం పట్టేస్తోంది. సోమవారం ఇన్‌స్పెక్టరు నా వెనకాలే వస్తాడు. సంచి భుజాన వేసుకుని నా వీధులన్నీ తిరిగి చూపించాలి. మధ్యలో ఎక్కడైనా కూలబడ్డానా, ఇంక జన్మంతా ఆ వెనక గదిలో కూర్చుని ఉత్తరాలు వేరు చేసుకోవడమే. ఆ గదికి కిటికీ కూడా లేదు."

ఆ మాట ఆమె చెప్పింది మేనకోడలికి కాదు. ముక్కాలి పీట మీద కూర్చున్న మేనత్తకి. కొట్టు మేనత్తది. నలభై ఏళ్ళుగా ఆ పీట మీదే కూర్చుని ఎదటివాళ్ళ కాళ్ళు చూస్తూ బతికిన మనిషి. మొహాలు ఆవిడకి గుర్తుండవు. కాళ్ళు చూపిస్తే మాత్రం ఇంటి చిరునామాతో సహా చెబుతుంది. మావయ్యని మొదటిసారి చూసినప్పుడు కూడా మొహం కన్నా ముందు మడమలే చూసిందని ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

"తొడుక్కుని ఆ సందు చివరిదాకా వెళ్ళి రా" అంది మేనత్త.

తపాలామ్మ వెళ్ళి వచ్చింది. మేనత్త గుమ్మం పట్టుకుని చూసింది. మళ్ళీ వెళ్ళి రమ్మంది. ఈసారి కళ్ళు మూసుకుని చప్పుడు విన్నది. తర్వాత జోళ్ళు విప్పించి, ఒక్కోదాన్ని తిరగేసి, పాదం కింద ఉండే అట్ట మీద బొటనవేలు ఆనించి తడిమింది. ఆ వేలు సన్నగా వణుకుతూనే ఉంది. రెండేళ్ళుగా అది అలాగే వణుకుతోంది.

"ఏ కాలికి ఆ కాలు బాగానే కుదిరింది" అంది చివరికి. "వంక పెట్టడానికి లేదు. రెండూ కలిసి నడవట్లేదు, అంతే." అని మేనకోడలి వైపు తిరిగింది. "రెండు కాళ్ళూ కలిపి చూశావా?"

మేనకోడలు నీళ్ళు నమిలింది.

ఆ నమలడం వెనక నాలుగు నెలల సంగతి ఉంది. నిరుడు కత్తి జారి మేనత్త అరచెయ్యి చీరుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. వైద్యుడు నరం తృటిలో తప్పిందని చెప్పాడు. ఇంక కత్తి ముట్టుకోనని ఒట్టు వెయ్యమని మేనకోడలు ఆవిడ వెంటపడింది. కత్తి మానేస్తే అట్టలు చెక్కేదెవరు? పైతోలు కుట్టడం మేనకోడలికి వచ్చు. అట్ట చెక్కడం, ఏ కాలికి ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని తేల్చడం మేనత్త చేతి విద్య. అప్పుడే మేనకోడలు కంప్యూటరు సంగతి ఎత్తింది. మనిషిని నడక బల్ల మీద నడిపిస్తే చాలు, అడుగడుగు బరువూ కంప్యూటర్లోకి వెళ్తుంది, అక్కడ అట్ట గీస్తే పక్కనున్న మర చెక్కేస్తుంది అంది. మేనత్త ససేమిరా అంది. "అత్తా, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి తెర మీద నడిపించి మరీ చూపిస్తా, చూస్తూ ఉండు" అని మేనకోడలు కోతలు కోసి, ఒప్పించి, ఒట్టు వేయించుకుంది.

మొదటి రోజునే కంప్యూటరు ఆ కోతల పరువు తీసింది. రెండు కాళ్ళ నడకా ఒకేసారి తెరిస్తే బిగుసుకుపోయేది. మళ్ళీ పెడితే మళ్ళీ బిగుసుకునేది. విసిగిపోయి మేనకోడలు ఓ ఉపాయం కనిపెట్టింది. ఎడమ కాలు తెరిచి అట్ట గీసి మూసేయడం, ఆ తర్వాత కుడి కాలు. చాలామందికి తేడా ఒక కాలికే కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. మేనత్తకి మాత్రం చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఇప్పుడు చెప్పింది. చీపురు పట్టుకునే చెప్పింది.

మేనత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది మేనకోడలికి. ఆవిడ బల్ల సొరుగు లాగి, నూనె గుడ్డలో చుట్టిన కత్తి తీసి ఒళ్ళో పెట్టుకుంది. గుడ్డ విప్పితే కత్తి తళతళలాడింది. నాలుగు నెలలుగా ముట్టుకోని కత్తి అలా మెరవదు. అంటే ఈవిడ ఎప్పుడో ఒకప్పుడు తీసి నూరుకుంటూనే ఉందన్నమాట.

"ఒట్టు వేశావు కదత్తా!"

"రెండు కాళ్ళూ కలిపి చూపిస్తానంటేనే కదే వేసింది" అంది మేనత్త. "ఇవాళ సాయంత్రం దాకా చూస్తా. చూపించావా, సరే. లేదంటే రేపు పొద్దున్నుంచి నా పని నేను చేసుకుంటా. ఆ పిల్లని కిటికీ లేని గదిలో కూర్చోబెట్టలేను."

మేనకోడలికి ఈవిడ సంగతి తెలుసు. ఈవిడ అన్నదంటే చేసి తీరుతుంది. ఆ వణికే చేతుల్లో ఆ కత్తి ఇంకోసారి పడకూడదు. తపాలామ్మని పంపించేసి, వెంటనే కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసింది.

అతన్ని వీధిలో అందరూ నిదానం అంటారు. ఏం చెప్పినా "నిదానం, నిదానం" అంటాడు. చెప్పినట్టే నడుచుకుంటాడు కూడా. పది నిమిషాల్లో వస్తానని గంటకి వచ్చాడు. కంప్యూటరు పెట్టె మూత విప్పి, లోపలి దుమ్ము ఊది, చిన్న లైటు వేసి అరగంట సేపు ఏదో పురాతన శిల్పాన్ని చూసినట్టు చూశాడు. మేనకోడలికి ఒళ్ళు మండిపోతోంది. మేనత్త మాత్రం మెచ్చుకోలుగా చూసింది. పని చేసే ముందు చూడటం తెలిసినవాడంటే ఆవిడకి గౌరవం.

"మెమరీ చాలట్లేదు" అన్నాడు చివరికి. "మెమరీ ముక్కలు పెట్టే గాళ్ళు నాలుగుంటే ఒక్కదాంట్లోనే ఉంది, అదీ ఎనిమిది జీబీ ముక్క. రెండు కాళ్ళ లెక్క మొయ్యాలంటే ముప్పై రెండైనా ఉండాలి." సంచిలోంచి రెండు చిన్న పెట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు. "దీంట్లో ముప్పై రెండుది ఒకటే ముక్క. దీంట్లో పదహారువి రెండు. ఖరీదులో పెద్ద తేడా లేదు. ఏది పెట్టమంటారు?"

"ఒకటే పెట్టండన్నయ్యా" అంది మేనకోడలు వెంటనే. "మూడు గాళ్ళు ఖాళీగా ఉంటాయి. రేపు పని పెరిగితే ఇంకోటి పెట్టుకోవచ్చు." తోలు కోసేటప్పుడు కుట్టుకి అంచు వదలకుండా కోసేవాళ్ళుంటారా? ఆ అలవాటే ఆమెతో ఆ మాట అనిపించింది.

నిదానం బుర్ర గోక్కున్నాడు. "పెట్టుకోవచ్చు. కాకపోతే రేపు కొనేది దీనికి కుదురుతుందో కుదరదో చెప్పలేను. ఒకే కంపెనీ ముక్కలే ఒకదాంతో ఒకటి పడక మొరాయించడం చూశాను. ఇంకోటి ఏంటంటే, మీ కంప్యూటర్లో బొమ్మలు చూపించడానికి విడిగా కార్డు లేదు. ఆ బరువు కూడా ఈ మెమరీయే మొయ్యాలి. ఒక ముక్కైతే ఒకటే దారి. రెండైతే రెండు దారుల్లో మోస్తాయి. తెర మీద నడక చూడాలంటే ఆ తేడా తెలుస్తుంది."

"ఈ రెండూ ఒకే పెట్టెలో వచ్చాయా?" అని అడిగింది మేనత్త, పీట మీంచే.

"అవునమ్మా. జతగా పరీక్ష చేసి పంపిస్తారు."

"ఇంకేం మరి!" అని మేనత్త లేచి వచ్చింది. "ఒసేయ్, ఎడమ జోడు ఇవాళ ఒక తోల్లో కోసి, కుడి జోడు వచ్చే ఏడాది ఇంకో తోల్లో కోస్తావా? ఒకటి సాగుతుంది, ఇంకోటి సాగదు. జత కావాలంటే ఒకే తోలు, ఒకే రోజు. ఈ మాట నీకు నేను పన్నెండేళ్ళ కిందట చెప్పాను."

"రేపటికి చోటు ఉండొద్దా అత్తా?"

"రేపటి సంగతి రేపు. నాకు సోమవారం సంగతి కావాలి. అయినా రెండు పెడితే ఇంకా రెండు గాళ్ళు మిగలట్లేదూ? నాలుగులోంచి రెండు తీసేయడం కూడా నేనే నేర్పాలా?"

నిదానం నవ్వు దాచుకోవడానికి సంచిలో ఏదో వెతికాడు. మేనకోడలికి ఉక్రోషం వచ్చింది గానీ నోరెత్తలేదు. కత్తి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది, గుడ్డలో చుట్టి చంకలో.

నిదానం పాత ముక్క ఊడదీశాడు. కొత్త జత పెట్టె చించాడు. "చూడమ్మా, ఇవి పెట్టేటప్పుడు..." అని ఏదో చెప్పబోతుండగా అతని ఫోన్ మోగింది. పక్క వీధిలో కళ్ళ డాక్టరు దగ్గర కంప్యూటరు ఆగిపోయిందట, కళ్ళల్లో మందు వేయించుకున్న వాళ్ళు పదిహేనుమంది ఏమీ కనపడక కూర్చున్నారట. పుట్టి బుద్ధెరిగాక అతను పరుగెత్తడం ఆ వీధి చూసింది ఆ ఒక్కరోజే. "గాడిలో పెట్టి టక్కుమనేదాకా నొక్కండి, అంతే" అని గుమ్మం దగ్గర్నించి అరిచి వెళ్ళిపోయాడు.

మేనకోడలు చేతులు కడుక్కుని, తుడుచుకుని, ముక్కల్ని అంచులు పట్టుకుని తీసింది. నాలుగు గాళ్ళున్నాయి. రెండు నల్లవి, రెండు నీలం, ఒకటి విడిచి ఒకటిగా. ఎందుకలా ఉన్నాయో ఆమె ఆలోచించలేదు. ఆ కొట్లో పుట్టి పెరిగిన మనిషి. జతను ఎక్కడ పెట్టినా పక్కపక్కన, ఆనుకుని ఉండేలా పెట్టడమే ఆమె చేతికి తెలుసు. అర మీదైనా, పెట్టెలోనైనా, గుమ్మం బయటైనా సరే. జోడుకీ జోడుకీ మధ్య ఖాళీ ఉంటే మేనత్త కాలితో జరిపేస్తుంది. మొదటి గాడిలో ఒకటి, రెండో గాడిలో ఒకటి పెట్టి నొక్కింది. రెండుసార్లు టక్కుమంది. ముచ్చటగా పక్కపక్కన కూర్చున్నాయి. మేనత్త కూడా తొంగిచూసి, "బావుంది" అంది.

కంప్యూటరు లేచింది. ముప్పై రెండు జీబీ అని చూపించింది. తపాలామ్మ ఎడమ కాలు తెరిచింది మేనకోడలు. ఊపిరి బిగబట్టి కుడి కాలు కూడా తెరిచింది. బిగుసుకోలేదు! నాలుగు నెలల్లో మొదటిసారి రెండు పాదాలూ ఒకే తెర మీద నిలబడ్డాయి. ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది.

"అత్తా, రా! నడిపిస్తున్నా చూడు."

మేనత్త కళ్ళజోడు సవరించుకుని వచ్చి నిలబడింది. తెర మీద పాదాలు కదిలాయి. ఎడమ మడమ లేచింది, ఆగింది, ఒక్కసారి ముందుకి గెంతింది. కుడి పాదం దిగబోతూ గాల్లో నిలబడిపోయి, ఉన్నట్టుండి నేల మీద ఉంది. మధ్యలో ఏమైందో కనపడలేదు.

మేనత్త నిమిషం సేపు చూసింది. "ఇది ఆ పిల్ల నడక కాదు" అంది. "ఆ పిల్ల ఇలా నడవదు. కుంటుతున్నది కంప్యూటరే."

మేనకోడలు మళ్ళీ నడిపించింది. మూసి తెరిచింది. అదే కుంటుడు. గడియారం మూడున్నర దాటింది. మేనత్త వెనక్కి వెళ్ళి పీట మీద కూర్చుని, సానరాయి ముందుకి లాక్కుంది. దాని మీద రెండు చుక్కల నూనె వేసింది. ఆ చప్పుడు, కత్తి రాయి మీద జారే ఆ సన్నటి చప్పుడు వినేసరికి మేనకోడలికి ఏడుపొచ్చేసింది. నిదానానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఐదోసారికి ఎత్తాడు.

"నడుస్తోందన్నయ్యా, కానీ ఆగి ఆగి గెంతుతోంది. పెద్దది ఒకటే పెట్టుకోవాల్సింది."

"నిదానం, నిదానం" అన్నాడతను. "ఏ గాళ్ళలో పెట్టారు?"

"మొదటిది, రెండోది. పక్కపక్కనే."

"పక్కపక్కన ఎందుకు పెట్టారండీ?"

"జత కదా మరి!"

"జతే. అందుకే విడదీసి పెట్టాలి. పక్కపక్కవి రెండూ ఒకటే దారి మీద ఉంటాయమ్మా. ఒకదాని వెనక ఒకటి పడి నడుస్తాయి. రంగు చూసుకోండి. ఒకటి విడిచి ఒకటి, ఒకే రంగు గాళ్ళలో పెడితే ఎవరి దారి వాళ్ళది, అప్పుడే రెండూ కలిసి మోస్తాయి. అదే చెప్పబోయాను, ఈలోగా ఫోనొచ్చింది."

ఫోన్ గొంతు మేనత్తకి వినపడింది. రాయి మీద కత్తి ఆగింది. "కాళ్ళూ అంతేగా" అంది తనలో తను అనుకున్నట్టు. "రెండూ దగ్గరగా కట్టేస్తే ఎక్కడికి పోతారు ఎవరైనా?"

మేనకోడలు మళ్ళీ మూత తెరిచి, రెండు ముక్కలూ ఊడదీసి, ఒకటి విడిచి ఒకటి నీలం గాళ్ళలో పెట్టింది. మధ్యలో నల్ల గాడి ఖాళీగా ఉంటే చూడటానికి ఏదోలా ఉంది, పెట్టెలో ఒక జోడు తప్పిపోయినట్టు. టక్కుమనేదాకా నొక్కింది.

ఈసారి పాదాలు నడిచాయి. గెంతలేదు, ఆగలేదు. ఎడమ మడమ లేవడం, ఆ బరువు నెమ్మదిగా వేళ్ళ మీదికి పోవడం, అది ఇంకా నేల విడవకముందే కుడి మడమ దిగడం, అన్నీ కనపడ్డాయి. తపాలామ్మ సందులో నడిచినట్టే నడిచాయి. మేనత్త ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు, వెనక నిలబడి ఉంది. భుజం మీద ఆవిడ చెయ్యి పడింది.

"అదుగో" అంది మేనత్త. "మళ్ళీ వెనక్కి తిప్పు. అదుగో, అక్కడ ఆపు. కుడి కాలు తొందరపడుతోంది చూశావా? ఎడమ కాలి పొట్టితనం నువ్వు అట్టలో సరిచేశావు, బాగానే చేశావు. కానీ కుడి కాలికి ఆ సంగతి తెలియదుగా. కట్టు విప్పిన దగ్గర్నించీ ఎడమదాన్ని ఆదుకోవడానికి పరుగెత్తి పరుగెత్తి దానికి అదే అలవాటైంది. ఆ పరుగుతో సహా కొలిచి నువ్వు దానికి అట్ట గీశావు. కుడి మడమ కొంచెం మెత్తగా చెయ్యి, వెనక అంచు గుండ్రంగా తియ్యి. ఎడమది గోరంత దించు. ఎక్కువ దించకు."

మేనకోడలు గీసింది. "ఇంతేనా?" అంది. "ఇంకొంచెం" అంది మేనత్త. గీసింది. "చాలు" అంది మేనత్త. అలా చీకటి పడేలోగా రెండు అట్టలూ పూర్తయ్యాయి. అంతసేపూ మేనత్త నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. నలభై ఏళ్ళు చేత్తో చేసిన పనిని ఆవిడ ఇప్పుడు కంటితో చేస్తోందని మేనకోడలికి అప్పుడు తట్టింది. ఆ కన్ను ఏమీ వణకలేదు. ఇన్నాళ్ళూ ఈవిడని పక్కన కూర్చోబెట్టుకోకుండా ఒంటరిగా కుస్తీ పట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ మాట పైకే అంది. "సర్లే, మర తిప్పు" అంది మేనత్త.

శుక్రవారం మర అట్టలు చెక్కింది. శనివారం మేనకోడలు పాతవి ఊడదీసి కొత్తవి అతికించి కుట్టింది. ఆదివారం పొద్దున తపాలామ్మ వచ్చి సందులో రెండుసార్లు నడిచి, "తేలిగ్గానే ఉంది, రేపు గానీ తెలీదు" అని పట్టుకెళ్ళింది. మేనత్త కూడా అంతకన్నా ఏమీ అనలేదు. కత్తి మాత్రం ఇంకా పీట పక్కనే ఉంది.

సోమవారం పదకొండు దాటింది. ఈ వీధికి ఉత్తరాలు పదకొండుకల్లా వచ్చేయాలి. మేనకోడలు పైతోలు కుడుతూ రెండుసార్లు వేలికి సూది పొడుచుకుంది. మేనత్త వీధి వైపు చూడకుండా ఉండటానికి తోలు ముక్కలన్నీ రంగుల వారీగా సర్దింది. అవి నిన్ననే సర్దినవి. పదకొండుంబావు అయింది. అంటే ఎక్కడో కూలబడిందన్నమాట అనుకుంటూ మేనకోడలు సూది పక్కన పెట్టేసింది.

అప్పుడు గుమ్మంలోకి సంచి ముందు వచ్చింది, దాని వెనక తపాలామ్మ వచ్చింది.

"మూల ఇంటి కుక్కని కట్టేయమని ఎన్నిసార్లు చెప్పాలో ఆ మహాతల్లికి!" అంది వస్తూనే. "గేటు దగ్గర పావుగంట నిలబెట్టింది. ఇన్‌స్పెక్టరు గోడెక్కేశాడు. మూడో అంతస్తు ఆయనేమో మెట్లెక్కి వెళ్తే తలుపు తియ్యడు. సంతకం పెట్టే ఉత్తరం కదా, మళ్ళీ రేపు ఎక్కాలి ఖర్మ. ఇదుగో మీది ఒకటి." కవరు బల్ల మీద పెట్టి, బయట రొప్పుతూ మెట్టు మీద కూర్చున్న ఇన్‌స్పెక్టర్ని "రండి సార్, ఇంకా నాలుగు వీధులున్నాయి" అని కేకేసి వెళ్ళిపోయింది.

మేనకోడలు గుమ్మం దాకా వెళ్ళి ఆమె పోతున్న వైపు చూసింది. "అత్తా, జోళ్ళ గురించి ఒక్క ముక్క కూడా అనలేదేంటి? కనీసం వాటి వైపు చూడను కూడా చూడలేదు."

"చూడదు" అంది మేనత్త. "నొప్పి లేకపోతే కాళ్ళున్నట్టు ఎవరికి గుర్తుంటుందే?" ఆ మాట అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. మేనకోడలు కూడా తుడుచుకుంది, చేతికంటిన జిగురుతోనే.

కాసేపయ్యాక మేనత్త పీట పక్కనున్న కత్తి తీసింది. మేనకోడలు లేవబోయింది. ఆవిడ కవరు దగ్గరికి లాక్కుని, అంచున కత్తి పెట్టి కోసింది. చెయ్యి వణికింది. కవరు వంకరటింకరగా చీలింది. లోపల ఉన్నది తోళ్ళ వ్యాపారి పంపిన ధరల కాగితం.

"ఇంక దీనికి ఈ పని చాలు" అని కత్తిని ఉత్తరాల డబ్బాలో పడేసింది మేనత్త. తర్వాత ముక్కాలి పీటని కాలితో జరుపుకుంటూ కంప్యూటరు బల్ల దాకా తెచ్చి, మేనకోడలి కుర్చీకి జానెడు దూరంలో ఆపి కూర్చుంది.

"తర్వాత ఎవరి కాళ్ళు? తెరువు" అంది.